పాలపంటికి మసాలా

పన్ను అనే మాటకు తెలుగులో రెండర్థాలు. ఏదైనా సరే, తర్వాత చూద్దాంలే అని వాయిదా వేసినవాడికి జరిమానాతో కలిపి పడుతుంది. ఈ సంగతి నాకు నా కూతురు లలిత దవడ నేర్పింది.

జబ్బు నాది కాదు. నొప్పి పిల్లది, నిద్ర చెడింది దాని తల్లికి, మందు నూరింది మా అవ్వ, నన్ను కన్నతల్లి. నా వాటాకు వచ్చింది ఒకే ఒక్క మాటను నిజామాబాద్ నుంచి బోధన్‌కు భద్రంగా మోసుకురావడం. అదీ తప్పుగా మోసుకొచ్చాను. పాలపన్నే కదా, ఎట్లాగూ ఊడేదే కదా అనుకునే తల్లిదండ్రులు మా చుట్టుపక్కల ఇంకా చాలామంది ఉన్నారు. వారికి పనికొస్తుందని కొంత, రాసుకుంటే నా గుండె నిమ్మళిస్తుందని కొంత, ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నేను చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాను. చెరకు బండి వచ్చి కాటా మీద నిలబడుతుంది, నేను తూకం రాస్తాను, బండి కదిలిపోతుంది. తండ్రిది కాటా ఉద్యోగం, బిడ్డకు కాటు కష్టం. మా ఊళ్ళో తీపి బండ్లకొద్దీ దొరుకుతుంది. దాని వెనకనే తీపు, అంటే సలుపు, కూడా వస్తుందని ఎవరూ చెప్పరు. లలిత ఏడిస్తే మా అవ్వ చిన్న బెల్లం ముక్క దాని దవడకు పెట్టి పండబెట్టేది. పిల్ల దాన్ని చప్పరిస్తూ నిద్రపోయేది. నన్నూ అట్లాగే పెంచిందట. నా పళ్ళు చూసైనా నాకు అనుమానం రావాల్సింది.

1965 కార్తీకంలో పిల్ల తిండి తగ్గింది. అప్పటికి దానికి ఐదేళ్ళు నిండి కొన్ని నెలలు. అన్నం నమలకుండా మింగేది. తర్వాత మింగడం కూడా మానేసి పాలు తాగి లేచిపోయేది. నా భార్య అనసూయ ఒకరోజు దాని నోరు తెరిపించి చూసి నన్ను పిలిచింది. కింది దవడలో రెండు వైపులా వెనక పళ్ళకు గుంతలు. ఎడమది పప్పుగింజంత, కుడిది శనగగింజ పట్టేంత, నల్లగా.

"నొప్పి లేస్తుందా బిడ్డా?" అని అడిగాను.

"నొప్పి కాదు బాపు. నా పంట్ల ఎవరో ఉన్నరు. తలుపు కొడుతుండ్రు" అన్నది.

ఒక ఆదివారం పిల్లను రైల్లో నిజామాబాద్ తీసుకుపోయాను. అక్కడ పంటి డాక్టరు కొత్తగా వచ్చాడని కాటా దగ్గర ఎవరో చెప్పారు. ఒక గది, ముందర అరుగు. గదిలో ఎత్తు కుర్చీ, దాని పక్కన కాలితో తొక్కితే తిరిగే మిషన్. చూడటానికి దర్జీ మిషన్ లాగే ఉంది. లలిత దాన్ని చూసి, "బాపు, నా నోరు కుట్టేస్తరా?" అన్నది. నేను నవ్వాను. నవ్వాల్సింది కాదు. డాక్టరు అద్దం పెట్టి చూడబోతే అది ఆయన వేలు కొరికింది. నొప్పి ఉన్న పంటితో కొరికిందంటే ఎంత భయపడిందో ఆలోచించండి.

డాక్టరు నా ఈడువాడే. కోపగించుకోలేదు. వేలు కడుక్కుని ఉర్దూలో, "బచ్చీ కే దాంత్ మే మసాలా భర్నా పడేగా. వచ్చే వారం తీసుకురండి. అప్పటిదాకా ఉప్పునీళ్ళు పుక్కిలించాలి" అన్నాడు.

నా చదువంతా ఉర్దూలో సాగింది. అదే వచ్చిన చిక్కు. ఆ భాష రానివాడైతే "మసాలా అంటే ఏంది సాబ్?" అని అడిగి ఉండేవాడు. ఉర్దూలో కూరలో వేసేదీ మసాలానే, మేస్త్రీ ఇటుకల మధ్య పెట్టేదీ మసాలానే, పంటి గుంతలో నింపేదీ మసాలానే. ఇది నాకు తెలుసు. తెలుసు కాబట్టి ఇంట్లోవాళ్ళకూ తెలుసనుకున్నాను.

ఇంటికి రాగానే అవ్వ అడిగింది: "ఏమన్నడురా డాక్టరు?"

"పంట్ల మసాలా నింపాల్నంట. వచ్చే ఆయితారం రమ్మన్నడు."

"మసాలనా?" అవ్వ నా ముఖంలోకి చూసింది. "లవంగం పంటికి మంచిదని నేను ఎప్పటిసంది మొత్తుకుంటున్న. నా మాట ఇనబడదు. ఆయన తెల్లకోటు ఏసుకొని చెప్తే ఇనబడ్డది."

నేను చెప్పులు విప్పుకుంటూ, "అవునే అవ్వా" అన్నాను. ఏది అవునో నాకూ తెలియదు. ఇంటికి రాగానే అవునంటే సగం పనులు తప్పుతాయని అలవాటైన మాట అది.

ఆ ఆదివారం పోలేదు. చెరకు ఆడే సీజన్ మొదలైంది, కాటా మీద బండి దిగితే ఇంకో బండి. తర్వాతి ఆదివారం కూడా సెలవు దొరకలేదు. మూడో వారం అవ్వ రోలు కడిగింది.

"మసాలకు నిజామాబాద్ దాక ఎందుకురా? మనింట్ల రోలు లేదా?"

లవంగాలు, మిరియాలు, పసుపు, ఇంగువ, కొంచెం కర్పూరం మెత్తగా నూరి, నువ్వుల నూనెతో ముద్ద చేసింది. పిల్లను ఒళ్ళో వేసుకుని వేపపుల్లతో ఆ ముద్దను కుడి పంటి గుంతలో కూరి, మీద మైనం వెచ్చజేసి మూత పెట్టింది. గోడకు గిలాబు చేసిన మేస్త్రీ కూడా అంత నున్నగా తీర్చడు. ఎడమ గుంత చిన్నది, ముద్ద నిలవలేదు. ఆ పన్ను అదృష్టం అది.

రెండు రోజులు పిల్ల చెంప పట్టుకోలేదు. పెరుగన్నం తిన్నది. నేను అవ్వతో, "నీకు నిజామాబాద్‌ల ఒక గది కిరాయికి తీసి కూసోబెట్టాలె" అన్నాను. ఆమె సిగ్గుపడింది. ఈ మాట ఎందుకు దాచకుండా రాస్తున్నానంటే, తర్వాత తప్పంతా ముసలిదాని మీద వేయబోయింది నేనే కాబట్టి.

మూడో రోజు పొద్దున కాటా దగ్గరికి పక్కింటాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. "పిల్ల మొఖం ఉబ్బింది, ఇంటికి నడువు" అన్నాడు.

ఉబ్బడమంటే చెంప మాత్రమే అనుకున్నాను. పోయి చూస్తే కుడి కన్ను లేదు. వాపు కంటిని మింగేసింది. చర్మం బిగుసుకుని మెరుస్తున్నది, ఒళ్ళు కాలిపోతున్నది. నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. వాపు దవడ దాటి గొంతు మీదకు దిగుతున్నది. లలిత ఏడవడం లేదు. ఏడవడానికి నోరు తెరవాలి కదా. అది నన్ను ఒంటికన్నుతో చూసింది. ఆ చూపు ఇప్పుడు రాస్తుంటే కూడా చేతిని ఆపుతున్నది.

రైల్లో అనసూయ పిల్లను ఒళ్ళో పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. ఎదురు బెంచీవాళ్ళలో ఒకాయన గవదలన్నాడు, ఇంకొకామె దిష్టి అన్నది. అనసూయ పిల్ల తల మీదకు కొంగు లాగింది. జానకంపేట దాటాక నా వైపు తిరిగింది.

"మసాలంటే ఏందో నువ్వు అడగలేదా?"

"నాకు తెల్సనుకున్న."

"నీకు తెల్వనిది ఏమన్న ఉంటే చెప్పు. అదొక్కటే అడుగుత నిన్ను ఇగ."

డాక్టరు పిల్లను చూడగానే వరుసలో ఉన్నవాళ్ళను ఆపి కుర్చీలో కూర్చోబెట్టాడు. పెదవి పక్కకు లాగి, సూదిలాంటి పనిముట్టుతో మైనం పెకలించాడు. గదంతా ఒక్కసారి పండుగనాటి వంటిల్లు వాసన కొట్టింది.

"యే క్యా హై?" అన్నాడు.

"మసాలా, సాబ్."

"కౌన్‌సా మసాలా?"

"ఘర్ కా" అన్నాను, ఇంటిది అని.

డాక్టరు పనిముట్టు పక్కన పెట్టి ఒక్క క్షణం నన్ను చూశాడు. నవ్వలేదు. కాంపౌండరు మాత్రం ఏదో పని ఉన్నట్టు బయటికి పోయాడు. తర్వాత ఏం చేశాడో వివరంగా చెప్పను. ముద్ద వచ్చింది, దాని వెనక చీము వచ్చింది, పిల్ల అప్పుడు అరిచింది. ఆ అరుపు అనసూయకూ నాకూ ఎంత చల్లగా వినిపించిందో! నోరు తెరుచుకుంది. కాసేపటికి తల్లి భుజం మీద పడి నిద్రపోయింది.

"లోపల చీము బయటికి పోయే తొవ్వ అదొక్కటే ఉండె. దానికి మూత పెట్టిండ్రు" అని డాక్టరు చెప్పాడు. ఆయనకు తెలుగు తడుముకుంటూ వచ్చేది, కానీ మా కోసం దాన్నే మాట్లాడాడు. "ముందుగాల సఫాయి. మసాలా ఆఖరుకు. తప్పు నాది. ఏం మసాలనో నేను చెప్పాల్సింది."

తప్పు తనదని ఆయన అన్నాడు. నేను అనాల్సిన మాట అది. ఆయన నోట వచ్చాక నాకు సిగ్గు పుట్టింది. అవ్వ మీద వేద్దామనుకున్న మాటను రైలెక్కకముందే మింగేశాను.

సూదులు పడ్డాయి. నాలుగో రోజుకు కుడి కన్ను తెరుచుకుంది. దాంతోపాటు మా ఇంట్లో పంచాయితీ కూడా తెరుచుకుంది.

అనసూయ పట్టు ఒక్కటే: పన్ను పీకించాలి. "పాలపన్ను. ఇయ్యాల కాకపోతే రేపు ఊడేదే. దానికోసం పిల్లను సంపుకుంటమా?" ఆమె మాటలో న్యాయం లేదని నేను ఎప్పుడూ అనను. ఆ మూడు రోజులు పిల్లను ఒళ్ళో నుంచి దింపనిది ఆమె. డాక్టరు దగ్గరికి మళ్ళీ పోయినప్పుడు తానే ముందుకొచ్చి, "తీసెయ్యి సాబ్" అన్నది.

డాక్టరు నన్ను అడిగాడు: "మీరు దేంట్ల వచ్చిండ్రు?"

"బోధన్ రైల్ల."

"సీటు దొరికిందా?"

"ముందుగాలనే కిటికీల నుంచి తువ్వాల ఏసి ఆపిన."

"ఆ తువ్వాల ఎవరన్న తీసేస్తే?"

"పక్కాయన జరిగి కూసుంటడు."

"గంతే" అన్నాడు డాక్టరు. "ఈ పాలపన్ను తువ్వాల. దీని కింద రావాల్సిన పన్ను పదకొండేండ్లకు గాని స్టేషన్‌కు రాదు. తువ్వాల ఇప్పుడే తీస్తే వెనక పన్ను ముంగటికి జరుగుతది. అసలాయన వచ్చి యాడ కూసోవాలె? ఒంకరగ నిలబడ్తడు."

అనసూయ ఊరుకోలేదు. "తువ్వాల చినిగి పీలికలయినంక కూడ దాన్నే పరుస్తరా?"

"చినిగిన కాడ కుట్టేద్దాం అమ్మా."

ఆమె ఒప్పుకుంది. కానీ షరతు పెట్టింది. ఆ పన్ను ఇంకొక్కసారి ఉబ్బినా సరే, నన్ను అడగదు, డాక్టర్ను అడగదు, తానే దగ్గరుండి పీకిస్తుంది. ఆనాటి నుంచి నా ఇంట్లో ఆ పంటి మీద ప్రాణం పెట్టుకుని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

1966 శివరాత్రికి చీము పూర్తిగా తగ్గింది. డాక్టరు కుడి పంటిని నాలుగైదుసార్లు శుభ్రం చేసి, మొదటి మసాలా పెట్టాడు. తెల్లని పొడి, ఏదో నూనె కలిపి గాజు పలక మీద రుద్దిన మెత్తని ముద్ద. ఇంటికి రాగానే అవ్వ పిల్ల నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

"లవంగం" అన్నది. ఆ పూట అంతా ఆమె నడకే వేరుగా ఉండింది.

మళ్ళీ పోయినప్పుడు ఈ మాట డాక్టరుకు చెప్పాను. "అవును, లవంగ నూనెనే. అమ్మ సగం కరెక్ట్. ఆ సగం నొప్పిని నిద్రపుచ్చుతది. కాని మెత్తగ ఉంటది, నమిలితే అరుగుతది. పన్ను ఊకున్నదా లేదా అని చూసేదానికే ఇది" అన్నాడు.

ఉగాది దాకా పన్ను ఊకున్నది, మళ్ళీ సలపలేదు. ఇక గట్టి మసాలా పెట్టాలి. నేను కాటా మనిషిని, ఏదైనా రెండు పళ్ళాల్లో పెట్టనిదే నమ్మను. ఏమేమి ఉన్నాయో, ఏది నయమో చెప్పమన్నాను. ఆయన రెండు సీసాలు చూపించాడు. ఒకటి తెల్ల సిమెంటు. పంటి రంగులో కలిసిపోతుంది, తొందరగా గట్టిపడుతుంది, పిల్ల ఎక్కువసేపు నోరు తెరవనక్కరలేదు. కానీ ఉమ్ములో మెల్లగా కరుగుతుంది, గట్టిది కొరికితే విరుగుతుంది. రెండోది వెండిపొడి, పాదరసంతో కలిపి నూరేది. రంగు నలుపు, కొరుకుడుకు రాయి. కాకపోతే నింపేటప్పుడు గుంతలో ఉమ్మి చుక్క పడకూడదు, చాలాసేపు నోరు తెరిచి ఉంచాలి.

"రెండిట్ల ఏది మంచిది?" అన్నాను.

"మసాలను అడగొద్దు. రెండు సంగతులు అడుగుండ్రి. ఆ పన్ను ఇంకెన్నేండ్లు పని చెయ్యాలె? పిల్ల ఎంతసేపు నోరు తెరుస్తది?"

ఇన్నేళ్ళ తర్వాత కూడా దీనికంటే మంచి కొలత నాకు దొరకలేదు. ఆ కొలత ప్రకారం వెండే పెట్టిద్దామనుకున్నాం.

ఆ తర్వాతి వారం అవ్వ కూడా మాతో రైలెక్కింది. కుర్చీ దగ్గర కొంగుముడి విప్పి నిజాం కాలపు వెండి రూపాయి, హాలీ సిక్కా, డాక్టరు చేతిలో పెట్టింది.

"బజారు వెండిల కల్తీ ఉంటది బిడ్డా. గిది అరగదీసి పెట్టు. మా పెండ్లినాటిది."

నాకు భూమిలోకి పోవాలనిపించింది. డాక్టరు మాత్రం రెండు చేతులతో తీసుకుని, కళ్ళకు అద్దుకుని, ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇంత మంచి వెండి పంట్ల దాస్తే ఎవరికి కనబడ్తదమ్మా? నా పొడి కల్తీదే. కల్తీ ఉంటెనే పాదరసంతోని పట్టుకుంటది" అన్నాడు. తర్వాత చిన్న గాజు కల్వంలో పొడి, పాదరసం వేసి నూరడం మొదలుపెట్టాడు. అవ్వ మెడ చాచి చూసింది.

"సూడు, గీయన కూడ నూరుతనే ఉన్నడు" అని నాతో అన్నది. తప్పు మాట మోసుకొచ్చానని అవ్వకు నా మీద ఉన్న కోపం ఆ రోజుతో పోయింది.

ఎడమ పంటికి మాత్రం తెల్లదే పెట్టాలన్నది అవ్వ. "ఆడపిల్ల. నవ్వితే నల్లగ కనబడొద్దు."

"అది వెనక పన్ను అమ్మా. నవ్వితే కనబడదు, ఆవులిస్తే కనబడ్తది."

"అట్లయితే ఒకవైపు తెల్లది పెట్టు. అటుదిక్కు తిరిగి ఆవులిస్తది."

ఎడమకు తెల్లది చిటికెలో అయిపోయింది. కుడి పంటికే యుద్ధం. లలిత కాసేపు నోరు తెరిచేది, మిషన్ చప్పుడు వినగానే టక్కున మూసేది. వెండి కొంచెం కూరగానే ఉమ్మి పడింది. డాక్టరు మొత్తం తవ్వి తీశాడు. తర్వాతి వారం కూడా అదే కథ. "ఇంకొక్కసారి చూద్దాం. కాకపోతే మళ్ళ లవంగం మందే. అది వానాకాలం దాక ఆగుతదో లేదో" అన్నాడు. ఆగకపోతే ఏమవుతుందో అనసూయ ముఖం చెప్తూనే ఉంది.

ఆ గది ముందరి అరుగు మీద నీడ ఉంటుందని పోశవ్వ అనే ఆమె రోజూ అక్కడే కూర్చుని బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారపుండ. మేము వరుసలో కూర్చున్నప్పుడల్లా లలితకు కత్తిరించిన ఆకు ముక్కలు ఇచ్చి ఆడుకొమ్మనేది. మూడోసారి పిల్ల గడప దాటనని మొండికేస్తే ఆమె లేచి వచ్చింది.

"ఏందమ్మా, నోరు తెరువనంటున్నవట? మమ్ముల ఎవ్వలు సూసినా నోరు మూసుకోమనెటోళ్ళే. నిన్ను తెరువుమంటుండ్రు. గసొంటి అదురుష్టం ఎవలికొస్తది?"

లలిత గడప కొయ్యను గట్టిగా పట్టుకుంది.

"నీ పక్కన కూసుంట. పది బీడీలు సుడ్త. ఒక్కోటి అయినప్పుడు నువ్వు ఒక ఏలు ముడువు. పది ముడిసినంక నోరు మూసుకో, డాక్టరు సాబ్ కాదు, కలెక్టరొచ్చినా తెరువకు. సరేనా?"

"పదే?" అన్నది లలిత.

"పదే. ఎక్కువ సుడితే నా తంబాకు నువ్వే తీసుకో."

పోశవ్వ స్టూలు మీద చాట పెట్టుకుని కూర్చుంది. ఆకు మడిచి, తంబాకు పోసి, వేళ్ళ మధ్య దొర్లించి, దారం కట్టి పక్కన పెట్టింది. లలిత కళ్ళు ఆ వేళ్ళ మీదే. ఒక వేలు ముడిచింది. మిషన్ తిరిగింది. రెండో వేలు. అనసూయ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. డాక్టరు దూది మార్చాడు, కల్వంలో నూరాడు, మెత్తని తోలులో వేసి పిండాడు, చిన్న చిన్నగా కూరడం మొదలుపెట్టాడు. ఏడు వేళ్ళు ముడుచుకున్నాయి. ఎనిమిది. ఆయన కంటితో ఇంకా కాలేదని సైగ చేశాడు.

పోశవ్వ తొమ్మిదో బీడీ చుట్టి, దారం కట్టబోయి, "అయ్యో, ఆకు పగిలింది" అని విప్పేసింది. మళ్ళీ కొత్త ఆకు వెతికింది. ఆ వెతకడం చూస్తే తునికి అడవికి పోయి తెచ్చినంత సేపు. లలిత తెరిచిన నోటితోనే గొంతులో ఏదో అన్నది, ముడవని వేలు ఊపింది. తొమ్మిది అయింది. పదోది కట్టేసరికి డాక్టరు వంగిన నడుము ఎత్తాడు.

"మూసుకో బిడ్డా. మెల్లగ."

లలిత మూసుకుని, మళ్ళీ తెరిచి, వెండి పెట్టుకున్న నోటితో మొదటి మాట అన్నది: "తొమ్మిదోది రెండుసార్లు సుట్టింది."

పోశవ్వ ఆ పది బీడీల్లో ఒకదాన్ని తీసి నాకు ఇచ్చింది. నాకు బీడీ అలవాటు లేదు. తీసుకుని జేబులో పెట్టుకున్నాను. మొక్కడానికి వేరే మార్గం తోచలేదు.

ఆ తర్వాత వచ్చినవి ఓర్పు సంవత్సరాలు. ఎడమవైపు తెల్ల సిమెంటు దసరాదాకా బాగుంది. బతుకమ్మకు లలిత మెత్తని మలీద ముద్దలు తిన్నది, ఏమీ కాలేదు. జొన్న పేలాల గింజ ఒకటి కొరికింది, సగం ఊడింది. మళ్ళీ పెట్టించాం. మరుసటి ఏడు వేసవికి అంచులు కరిగి గుంత కనబడింది. మూడోసారి లలితే డాక్టరుతో, "నల్లదే పెట్టు. దానికైతే ఒక్కసారి నోరు తెరిస్తే సాలు" అన్నది. అప్పటికి దానికి ఏడేళ్ళు. పది లెక్కపెట్టుకుంటూ తనంతట తానే నోరు తెరిచి కూర్చుంది. కుడివైపు వెండి మాత్రం ఒక్కసారి కూడా కదల్లేదు. నల్లబడిందని అవ్వ దెప్పుతూనే ఉండేది. నల్లబడ్డవన్నీ చెడ్డవైతే తన ఇనుప పెంకు ఎన్నడో పారేయాల్సిందని నేను అనేవాణ్ణి, ఆమె లేనప్పుడు.

ఒక వానాకాలం పొద్దున లలిత కుడి చెంప ఉబ్బి కనిపించింది. అనసూయ పొయ్యి ఆర్పి, చీర మార్చుకుంది. షరతు షరతే. నేను కాటాకు పోకుండా గడపలో నిలబడ్డాను, ఏమని ఆపాలో తెలియక. ఆమె పిల్లను ఎత్తుకోబోతూ ఎడమ చెంప కూడా చూసింది. అదీ ఉబ్బుతున్నది. గవదలు! బిడ్డకు గవదలు లేచాయని తెలిసి సంతోషించిన ఇల్లు బోధన్‌లో మాదొక్కటే అయి ఉంటుంది.

ఇది చదివే తల్లిదండ్రులకు రెండే చెప్తాను. పిల్ల నోట్లో బెల్లం పెట్టి పండబెట్టకండి. మా ఇంట్లో లలిత తర్వాత పుట్టిన దాని తమ్ముళ్ళకు అది బంద్, పళ్ళు మంచిగున్నాయి. డాక్టరు ఏదైనా మాట చెప్తే, అది మీకు తెలిసిన మాటే అయితే, రెండుసార్లు అడగండి. తెలియని మాటతో ఏ చిక్కూ లేదు, ఎట్లాగూ అడుగుతారు.

1971లో లలితకు పదకొండేళ్ళు నిండాయి. ఆ శ్రావణంలో వాన వెలిసిన ఒక సాయంత్రం అనసూయ కుంపటి మీద మక్కకంకులు కాలుస్తున్నది. లలిత కంకి కుడివైపు పెట్టి కొరుకుతున్నది, ఎప్పటిలాగే. ఉన్నట్టుండి ఆగింది. అరచేతిలో ఉమ్మింది. మక్కగింజల మధ్య పన్ను, నడుమ వెండి నల్లగా, నింపిననాడు ఎట్లా ఉందో అట్లాగే. నెత్తురు చుక్క కూడా సరిగా లేదు. అది ఉబ్బి ఊడలేదు, పీకితే రాలేదు. తన పని అయిపోయిందని తానే దిగిపోయింది.

నేను చూద్దామని చెయ్యి చాచాను. అనసూయ నన్ను పక్కకు జరిపింది. చేతులు కడుక్కుని, పిల్ల గడ్డం పట్టుకుని, చూపుడువేలు నోట్లో పెట్టి ఆ ఖాళీ మీద మెల్లగా తడిమింది. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. ఆమె వేలు ఒకచోట ఆగింది.

"ఉన్నది" అన్నది. ఇంకొంచెం తడిమి, "సక్కగనే ఉన్నది. నడుమ" అన్నది.

ఆరేళ్ళ తర్వాత నాకు గొంతు వచ్చింది. "చూసినవా మరి? ఈ ఇంట్ల నేను గెలిసిన పంచాయితీ ఇదొక్కటే" అన్నాను.

అనసూయ వేలు కొంగుకు తుడుచుకుంది. "నువ్వేం గెలిసినవ్? నోరు తెరిచి కూసున్నది నా బిడ్డ" అన్నది, కళ్ళు పక్కకు తిప్పుకుని. తర్వాత కుంపటి మీది కంకుల్లో లేతది ఏరి, ఉప్పూ కారం రాసి, లలిత చేతిలో పెట్టింది. లలిత దాన్ని ఎడమవైపుకు మార్చుకుని గట్టిగా కొరికింది.